మూడు తూటాల ధీమా, వెయ్యి గజాల దూరం

దూరపు గురి నేర్పే రైఫిల్ శిక్షకుల దగ్గరికి ఒక రకం విద్యార్థి తప్పకుండా వస్తాడు. చేతిలో కొత్త 6.5 క్రీడ్‌మూర్ రైఫిల్, దాని మీద రైఫిల్ కంటే ఖరీదైన స్కోప్, ఫోన్‌లో బాలిస్టిక్స్ యాప్. 100 గజాల దగ్గర బల్ల మీద ఆనించి మూడు తూటాలు పేల్చాడు. మూడూ అంగుళం వెడల్పులో పడ్డాయి. ఆ కాగితాన్ని ఫొటో తీసి దాచుకున్నాడు. 100 గజాలకు అంగుళమైతే 1,000 గజాలకు పది అంగుళాలేగా అంటాడు. అతని జ్యామితిలో తప్పు లేదు. గొప్పలు పోతున్నాడని కూడా అనలేం, కళ్లారా చూసిందే చెబుతున్నాడు. అయినా 1,000 గజాల రేంజిలో మొదటిసారి బోర్లా పడుకున్న రోజున అతని తూటాలు ఆరడుగుల చదరపు బోర్డును కూడా తాకకుండా పోతుంటాయి.

ఇలాంటివాడికి ప్రాథమిక సూత్రాలు ఎలా నేర్పాలన్న ప్రశ్నకు నూటయాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ముందు పొగరు దించాలన్నవాళ్లున్నారు. తూటా లేని తుపాకీతో చాలాకాలం సాధన చేయించాలన్నవాళ్లున్నారు. రికార్డు పుస్తకాన్ని మించిన గురువు లేడన్నవాళ్లున్నారు. గత పాతికేళ్లలో మనస్తత్వ శాస్త్రవేత్తలూ ఈ చర్చలో చేరారు. ఈ వాదాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి స్పష్టమవుతుంది. కొత్తవాడు అప్పటిదాకా రాసిన పరీక్ష మరీ తేలిక. దూరంలో అక్కరకొచ్చే విషయాల్లో చాలావాటిని దగ్గరి కాగితం అతన్ని అడగనే లేదు.

రాణిగారి గురి

1860 జులై 2న లండన్ శివారులోని వింబుల్డన్ మైదానంలో బ్రిటన్ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ తొలి పోటీలు మొదలయ్యాయి. తొలి తూటా పేల్చింది విక్టోరియా రాణి. లక్ష్యం 400 గజాల దూరంలో ఉంది. విట్‌వర్త్ రైఫిల్‌ను ముందే ఇనుప చట్రంలో బిగించి, గురి సరిచూసి పెట్టారు. ట్రిగ్గరుకు కట్టిన తాడు లాగడం వరకే రాణి పని. తూటా నడిబొడ్డుకు అతి దగ్గరగా తగిలింది, జనం హర్షధ్వానాలు చేశారు. ఆ గురిలో రాణి పాలు ఎంతో అక్కడున్నవాళ్లందరికీ తెలుసు. ఇసుక సంచుల మధ్య రైఫిల్ ఇరికించి మూడు తూటాలు పేల్చిన నేటి కొత్తవాడికి తన పాలు ఎంతో చెప్పేవాళ్లు ఉండరు.

అమెరికాలో ఈ ప్రశ్న అంతర్యుద్ధం నుంచి పుట్టింది. ఉత్తరాది సైన్యంలో పనిచేసిన విలియం చర్చ్, జార్జ్ వింగేట్ అనే ఇద్దరు అధికారులు తమ సైనికుల గురి ఎంత అధ్వానంగా ఉండేదో చూసి, 1871లో అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌ను స్థాపించారు. వింగేట్ శిక్షణ పుస్తకం రాశాడు. అందులో కొవ్వొత్తి సాధన అని ఒకటుంది. తుపాకీలో తూటా ఉండదు, పేలుడు టోపీ మాత్రమే ఉంటుంది. గొట్టం కొసకు కాస్త దూరంలో వెలిగించిన కొవ్వొత్తి పెడతారు. గురి కదలకుండా ట్రిగ్గర్ నొక్కితే టోపీ పేలిన గాలికి దీపం ఆరుతుంది, చెయ్యి అదిరితే ఆరదు. బ్రిటన్‌లో హైత్ సైనిక పాఠశాల కూడా కొత్త సైనికుల చేత ముందు ఇలాంటి సాధనే చేయించేది. అసలు తూటా ఇవ్వకముందే విద్యార్థికి తన చేతి సంగతి తెలియజెప్పాలన్న ఆలోచన అప్పటికే ఉందన్నమాట.

1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని క్రీడ్‌మూర్ రేంజిలో ఐర్లండ్, అమెరికా జట్లు తలపడ్డాయి. ఐరిష్ జట్టు అంతకుముందు ఏడాదే బ్రిటన్‌లో ఎల్కో షీల్డ్ గెలిచి వచ్చింది. 800, 900, 1,000 గజాలు; జట్టుకు ఆరుగురు. అమెరికన్లు 934, ఐరిష్‌వాళ్లు 931 పాయింట్లు సాధించారు. తేడా మూడు పాయింట్లే. ఐరిష్ జట్టులోని జె.కె. మిల్నర్ ఒక తూటాను చక్కగా బుల్స్‌ఐలోకి కొట్టాడు, కాకపోతే అది పక్కవాళ్ల బోర్డు. దానికి సున్నా వేశారు. అప్పట్లో బుల్స్‌ఐ విలువ నాలుగు పాయింట్లు. సొంత బోర్డు మీద పడి ఉంటే ఐర్లండ్ ఒక పాయింటుతో గెలిచేది. ఆ మిల్నరే 34 ఏళ్ల తర్వాత, 1908 లండన్ ఒలింపిక్స్‌లో, బిస్లీ రేంజిలో జరిగిన 1,000 గజాల పోటీలో స్వర్ణం గెలిచాడు. 100కు 98 పాయింట్లు తెచ్చుకున్నాడు.

మిల్నర్ చేసిన పొరపాటే 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మళ్లీ జరిగింది. 50 మీటర్ల త్రీ పొజిషన్స్ ఫైనల్లో అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్ చివరి షాట్ వరకూ ఆధిక్యంలో ఉన్నాడు. ఒక మామూలు షాట్ పడితే స్వర్ణం అతనిదే. అతను నిలబడింది రెండో వరుసలో, తూటా తగిలింది మూడో వరుస లక్ష్యానికి. ఎనిమిదో స్థానానికి పడిపోయాడు. ముందు లక్ష్యం పైనున్న అంకె చూసి, ఆ తర్వాత గురిని కిందికి దించడం అతని అలవాటు. ఆ ఒక్కసారి మనసును నెమ్మది పరచుకునే ప్రయత్నంలో అంకె చూడలేదు. ఈ రెండు సంఘటనలనూ శిక్షకులు అతి ధీమా ఉన్న విద్యార్థులకు పదేపదే చెబుతారు. ఎమన్స్‌కు నైపుణ్యం తక్కువ కాలేదు, క్రమంలో ఒక మెట్టు జారిందంతే.

దగ్గర కనిపించని తప్పులు

దూరం తప్పును పెంచుతుందని కొత్తవాడికి తెలుసు. అన్ని తప్పులూ ఒకే వరుసలో పెరగవన్నదే అతనికి తెలియదు. చాలాకాలంగా వాడుకలో ఉన్న .308 వించెస్టర్‌ను తీసుకుందాం. 175 గ్రెయిన్ల తూటా, గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు 2,600 అడుగులు. 100 గజాలకు గురి సరిచేసిన ఆ రైఫిల్‌తో 1,000 గజాల లక్ష్యాన్ని నేరుగా చూసి కొడితే తూటా సుమారు 10 మీటర్లు కిందికి పోతుంది. చేరడానికి సెకనున్నర దాటుతుంది. ఈ పతనం పెద్ద చిక్కేమీ కాదు, భూమ్యాకర్షణ రోజుకో రకంగా ఉండదు. యాప్ చెప్పిన అంకె స్కోప్ మీద తిప్పుకుంటే సరిపోతుంది. కొత్తవాడికి ధైర్యమిచ్చేది కూడా ఈ లెక్కే.

గాలి ఆ లెక్కకు లొంగదు. గంటకు 10 మైళ్ల వేగంతో అడ్డంగా వీచే గాలి 100 గజాల దగ్గర ఈ తూటాను అంగుళం లోపే పక్కకు నెడుతుంది. 1,000 గజాల దగ్గర 90 అంగుళాలకు పైనే, అంటే ఏడున్నర అడుగులు నెడుతుంది. దూరం పది రెట్లు పెరిగితే గాలి దెబ్బ దాదాపు నూరు రెట్లయింది. గాలి వేగాన్ని ఒక్క మైలు తప్పుగా అంచనా వేసినా తూటా తొమ్మిది, పది అంగుళాలు తప్పుతుంది. స్కోప్‌నూ, ఆనించుకునే ఆధారాన్నీ అనుమతించే ఎఫ్ క్లాస్ పోటీల్లో 1,000 గజాల లక్ష్యం మీద పది పాయింట్ల వలయం వెడల్పే పది అంగుళాలు.

తూటా వేగంలో తేడా రెండో సంగతి. ఒక తూటాకూ మరో తూటాకూ సెకనుకు 20 అడుగుల తేడా ఉంటే 100 గజాల కాగితం మీద కంటికి ఆనదు. 1,000 గజాల దగ్గర ఒకటి మరొకదానికంటే ఏడెనిమిది అంగుళాలు కిందికి పడుతుంది. మూడోది రైఫిల్ పక్కకు ఒరగడం. 5 డిగ్రీలు ఒరిగినా చాలామందికి తెలియదు, 100 గజాల దగ్గర నష్టమూ ఉండదు. కానీ 1,000 గజాల కోసం స్కోప్‌ను అంత పైకి తిప్పుకున్నాక అదే 5 డిగ్రీలు తూటాను దాదాపు మూడడుగులు పక్కకు తీసుకుపోతాయి. స్కోప్‌కు చిన్న నీటిమట్టం బిగించడం అనుభవజ్ఞుల చాదస్తమని నవ్విన కొత్తవాళ్లు, ఈ లెక్క తెలిశాక కొనుక్కుంటారు.

భూభ్రమణం వల్ల తూటా పక్కకు తప్పడం గురించి మొదటి రోజే అడిగే విద్యార్థులు చాలామంది ఉంటారు. 1,000 గజాల దగ్గర ఆ ప్రభావం రెండు మూడు అంగుళాలు. పక్కన రెపరెపలాడే జెండా చెబుతున్న అడుగుల లెక్కను వదిలేసి ఈ అంగుళాల గురించి వాదించడం మిడిమిడి జ్ఞానానికి శిక్షకులు చెప్పే మొదటి గుర్తు.

ధీమా ఎక్కడ పుడుతుంది

మూడు తూటాల గుంపు ఎంత మోసం చేస్తుందో గణాంక శాస్త్రం సూటిగా చెబుతుంది. ఒకే రైఫిల్, ఒకే షూటర్, ఒకే తూటాలు ఉన్నా, మూడు పేల్చినప్పుడు వచ్చే గుంపు కంటే ఇరవై పేల్చినప్పుడు వచ్చే గుంపు సగటున 1.8 రెట్లు వెడల్పుగా ఉంటుంది. తూటాలు పెరిగేకొద్దీ అంచుల వైపు పడేవి బయటపడతాయి గనుక. పైగా కొత్తవాడు దాచుకున్న ఫొటో అతను కొట్టిన గుంపులన్నిటిలో మేలైనది. మిగిలిన కాగితాలు చెత్తబుట్టలో ఉంటాయి. కాబట్టి అంగుళం రైఫిల్ అని అతను నమ్మేది నిజానికి రెండంగుళాల రైఫిల్ కావచ్చు. 1,000 గజాల జ్యామితి అక్కడే రెట్టింపు అవుతుంది.

మనిషి సంగతికి వస్తే, 1999లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ ప్రచురించిన పరిశోధన అందరికీ తెలిసిందే. తర్కం, వ్యాకరణం, హాస్యం మీద పరీక్షలు పెడితే, అట్టడుగు పాతిక శాతంలో ఉన్నవాళ్లు నిజానికి నూటికి 12 మంది కంటే మెరుగ్గా ఉండి, 62 మంది కంటే మెరుగ్గా ఉన్నామని అనుకున్నారు. ఇందులో కొంత భాగం గణాంకాల మాయేనన్న విమర్శలు తర్వాత వచ్చాయి, వాటిలో బలమూ ఉంది. అయితే అదే పరిశోధనలోని చివరి ప్రయోగాన్ని చాలామంది మరిచిపోతారు. తర్కంలో వెనకబడినవాళ్లకు కొద్దిసేపు తర్కం నేర్పితే, తాము ఎక్కడ తప్పారో వాళ్లే ఎక్కువగా గుర్తించగలిగారు. చులకన చేసి మాట్లాడకుండానే, విద్య నేర్పడం వల్లనే వాళ్ల అంచనా దారికొచ్చింది.

2008లో జాయిస్ ఎర్లింగర్, ఆమె సహచరులు ఈ ప్రశ్నను తుపాకీవాళ్ల దగ్గరికే తీసుకెళ్లారు. ట్రాప్, స్కీట్ అనే షాట్‌గన్ పోటీలకు వచ్చినవాళ్లకు తుపాకుల భద్రత, వాడకం మీద ప్రశ్నలిచ్చారు. తక్కువ మార్కులు వచ్చినవాళ్లే తమను ఎక్కువగా అంచనా వేసుకున్నారు. సొంత మార్కులను సరిగ్గా ఊహిస్తే డబ్బిస్తామని చెప్పినా వాళ్ల ఊహ మెరుగుపడలేదు. గొప్పలు చెప్పుకోవడానికి కాకుండా, నిజంగానే తెలియక అలా అనుకున్నారని దీని అర్థం. 2018లో కార్మెన్ శాంచెజ్, డన్నింగ్ కలిసి మరో సంగతి చూపించారు. జాంబీ రోగాలను లక్షణాలను బట్టి గుర్తించే ఒక కల్పిత పరీక్షలో, అసలేమీ తెలియని మొదటి క్షణంలో మనుషులు జాగ్రత్తగానే ఉన్నారు. కొన్ని ప్రయత్నాలయ్యాక మాత్రం నైపుణ్యం కొద్దిగా పెరిగితే ధీమా ఒక్కసారిగా ఎగబాకింది. శిక్షకులు తరచూ చెప్పేదీ ఇదే. తుపాకీ ముట్టనివాడికి నేర్పడం సులువు, నాలుగు పెట్టెల తూటాలు కాల్చి వచ్చినవాడికే కష్టం.

మూడు బడులు

మొదటిది గర్వభంగం బడి. విద్యార్థిని నేరుగా దూరపు లక్ష్యం ముందు పడుకోబెట్టి, తప్పనిచ్చి, ఆ తర్వాత పాఠం మొదలుపెట్టడం. దీనిలో నాటకీయత ఉంది, కొందరి మీద పనిచేస్తుంది కూడా. లోపం ఏమిటంటే, తూటా ఎందుకు తప్పిందో ఆ తప్పిన తూటా చెప్పదు. గాలా, ఒరుగుడా, ట్రిగ్గర్ గుంజడమా? కారణం తెలియని ఓటమిని మనిషి తనకు నచ్చిన కారణానికి అంటగడతాడు. ధీమా ఉన్నవాడైతే తూటాలను తప్పుబట్టి, మరింత ఖరీదైనవి కొంటాడు. ఇంకా ప్రమాదకరమైన సంగతి, అదృష్టవశాత్తు మొదటి తూటానే తగలడం. ఆ తర్వాత అతనికి ఎవరూ ఏమీ చెప్పలేరు.

రెండోది దిగువ నుంచి మొదలుపెట్టే బడి. వింగేట్ కొవ్వొత్తి దగ్గర్నుంచి నేటి డ్రై ఫైర్ వరకూ దీని వంశం నడుస్తోంది. తూటా లేని రైఫిల్‌ను గురిపెట్టి, ట్రిగ్గర్ నొక్కినప్పుడు గురి కదిలిందా లేదా అని చూసుకోవడమే డ్రై ఫైర్. దీనికి తోడు .22 రైఫిల్. దాని తూటా నెమ్మదైనది. 10 మైళ్ల గాలికి 100 గజాల దగ్గరే సుమారు 4 అంగుళాలు పక్కకు పోతుంది. పెద్ద రైఫిల్ 1,000 గజాల దగ్గర నేర్పే గాలి పాఠాన్ని .22 తక్కువ ఖర్చుతో, చెవులు చిల్లులు పడే మోత లేకుండా, భుజాన్ని తన్నకుండా నేర్పుతుంది. ధీమా ఉన్న విద్యార్థికి మాత్రం ఇది చిన్నతనంగా తోస్తుంది. పెద్ద రైఫిల్ కొనుక్కుని వచ్చి పిల్లల తుపాకీతో కూర్చోవడమేమిటని సగంలో మానేసేవాళ్లుంటారు.

మూడోది రికార్డు పుస్తకం బడి. పాత పోటీల సంప్రదాయంలో ప్రతి షూటర్ దగ్గరా ఒక పుస్తకం ఉంటుంది. వెలుగు, గాలి, స్కోప్ మీద తిప్పిన అంకె, తూటా పడిన చోటు రాసుకుంటాడు. వీటన్నిటికంటే ముందు రాయవలసింది ఒకటుంది. దాన్ని షాట్‌ను కాల్ చేయడం అంటారు. తుపాకీ పేలిన క్షణంలో గురి ఎక్కడుందో చూసి, ఫలితం తెలియకముందే, తూటా ఎక్కడ పడి ఉంటుందో చెప్పాలి. గడియారంలో మూడు గంటల వైపు, తొమ్మిదో వలయం, అని పైకి చెప్పి పుస్తకంలో రాసుకోవాలి. ఆ తర్వాతే బోర్డు చూడాలి.

చెప్పిన చోటు, నిజంగా పడిన చోటు అనే ఈ రెండు గుర్తుల మధ్య తేడాయే శిక్షకుడికి రోగ నిర్ధారణ. చెప్పిన చోటే తూటా పడి, ఆ చోటు మధ్యకు దూరంగా ఉంటే షూటర్ తన గురిని గుర్తుపట్టగలుగుతున్నాడు, నిలకడ తక్కువ. మధ్యలో అని చెప్పిన తూటాలన్నీ ఒకే పక్కకు పోతుంటే స్కోప్ సర్దుబాటో, గాలి అంచనాయో తప్పు. చెప్పినదానికీ పడినదానికీ పొంతనే లేకపోతే అతను తుపాకీ పేలే క్షణంలో కళ్లు మూసుకుంటున్నాడు. ధీమా ఉన్న విద్యార్థికి ఈ పద్ధతి మరొక రకంగా సరిపోతుంది. అతన్ని ఎవరూ చులకన చేయనవసరం లేదు. అతనికి తన మీదున్న నమ్మకాన్ని ప్రతి తూటాకూ ముందుగా కాగితం మీద పెట్టమంటారు. ఇరవై తూటాలయ్యేసరికి రెండు వరుసల గుర్తులు అతని చేతిరాతలోనే ఉంటాయి.

దేని తర్వాత ఏది

ప్రాథమిక సూత్రాల విషయంలో బడుల మధ్య పెద్దగా తగవు లేదు. అమెరికా సైన్యం దశాబ్దాల పాటు నాలుగంటే నాలుగే చెప్పింది: నిలకడైన భంగిమ, గురి, ఊపిరి మీద అదుపు, ట్రిగ్గర్ నొక్కడం. అన్నిటికంటే ముందుండేది భద్రత. గొట్టం ఎప్పుడూ ప్రమాదం లేని దిక్కుకే ఉండాలి, పేల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, పేల్చబోయే వేళ తప్ప తుపాకీలో తూటా ఉండకూడదు. చిన్న .22 తూటా కూడా మైలుకు పైగా పోతుంది. పెద్ద రైఫిల్ తూటా నాలుగు కిలోమీటర్లు దాటగలదు. ఇక్కడ మాత్రం శిక్షకులెవరూ నచ్చచెప్పడానికి సమయం వృథా చేయరు. నియమం ఒకసారి తప్పినవాడు ఆ రోజుకు బయటికే.

భంగిమలో కీలకమైనది శరీరం సహజంగా చూపించే గురి. లక్ష్యం మీద గురిపెట్టి, కళ్లు మూసుకుని, రెండు మూడు సార్లు ఊపిరి పీల్చి వదిలి, కళ్లు తెరవాలి. గురి పక్కకు జరిగి ఉంటే ఇంతసేపూ దాన్ని లక్ష్యం మీద నిలిపి ఉంచింది కండరాల బలమే. చేతులతో మళ్లీ లాగితే లాభం లేదు, తుంటినో మోచేతినో జరిపి ఒళ్లంతా సర్దుకోవాలి. బలిష్ఠులైన మగ విద్యార్థులకు ఇది మింగుడుపడదు, బలంతో నిలపడం వాళ్లకు అలవాటు. 1930లో బిస్లీలో కింగ్స్ ప్రైజ్ గెలిచిన తొలి మహిళ మార్జరీ ఫాస్టర్, 1998లో అమెరికా హైపవర్ రైఫిల్ జాతీయ టైటిల్ గెలిచిన తొలి మహిళ నాన్సీ టాంప్కిన్స్. పోటీ పడిన మగవాళ్లందరినీ దాటి గెలిచిన ఈ ఇద్దరి పేర్లూ ఆ సందర్భంలో శిక్షకులకు బాగా పనికొస్తాయి.

స్కోప్ విషయంలో పారలాక్స్ ఒకటుంది. కన్ను కాస్త పక్కకు జరిపితే లక్ష్యం మీద గీతలు జరిగినట్టు కనిపిస్తే, స్కోప్ ఆ దూరానికి సర్దుకోలేదని అర్థం. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి స్నైపింగ్ పాఠశాల నడిపిన హెస్కెత్ ప్రిచర్డ్, ముందు వరుసలకు పంపిన స్కోప్ రైఫిళ్లను పరీక్షించి ఆశ్చర్యపోయాడు. చాలావాటి గురి సర్దుబాటే తప్పిపోయి ఉంది, వాడేవాళ్లకు ఆ సంగతే తెలియదు. అద్దాల పరికరం చేతికొస్తే గురి దానంతటదే వస్తుందన్న భ్రమ అంత పాతది.

ఊపిరి వదిలాక మళ్లీ పీల్చేలోపు ఒక సహజమైన విరామం ఉంటుంది. తూటా అక్కడ పేలాలి. ఊపిరి బిగబట్టి పట్టుదలకు పోతే కొన్ని సెకన్లలో చూపు మసకబారుతుంది. ట్రిగ్గర్‌ను సూటిగా వెనక్కి, నెమ్మదిగా పెంచుతూ నొక్కాలి. పేలాక కూడా వేలు అలాగే ఉంచి గురిలోంచి చూస్తూనే ఉండాలి. కాల్ చేయడం సాధ్యమయ్యేది ఈ చివరి మెట్టు వల్లనే.

తుపాకీ తన్నుతుందన్న భయంతో ముందే ఒళ్లు బిగుసుకోవడం చాలామందికి ఉంటుంది, ఒప్పుకునేవాళ్లు అరుదు. దానికి పాత చిట్కా ఒకటి ఉంది. శిక్షకుడే తూటాలు నింపుతాడు, మధ్యలో చెప్పకుండా ఉత్తి డమ్మీ పెడతాడు. అది పేలదు గానీ గొట్టం కొస మాత్రం కిందికి వంగుతుంది. పక్కవాడు ఫోన్‌లో వీడియో తీస్తే ఆ తర్వాత మాటలతో పనిలేదు.

గాలి ఎవరిది

పై మెట్లన్నీ నేర్చినా 1,000 గజాల దగ్గర సగం పనే అయినట్టు. మిగిలిన సగం గాలి. షూటర్ దగ్గర ఒక రకంగా, దారి మధ్యలో మరో రకంగా, లక్ష్యం దగ్గర ఇంకో రకంగా వీస్తుంది. జెండాలు, ఊగే గడ్డి, స్కోప్‌లో నీటి అలల్లా కదిలే వేడి గాలి చూసి మనిషి అంచనా వేయాల్సిందే. యాప్ అడిగేది కూడా ఆ అంచనానే. గంటకు ఎన్ని మైళ్లని అడుగుతుంది, చెప్పిన అంకెకు దశాంశాలతో సహా జవాబిస్తుంది. దశాంశాలు చూసిన కొత్తవాడు ఊహను కొలతగా పొరబడతాడు. యాప్ చేసే లెక్క నిక్కచ్చిదే, దానికి అందించిన గాలి అంకె మాత్రం ఊహే.

అంతర్జాతీయ జట్టు పోటీల్లో, ముఖ్యంగా 1876లో మొదలైన పామా పోటీలో, ఈ పనిని విడదీశారు. షూటర్ వెనక గాలి చూసే కోచ్ కూర్చుంటాడు. ఎంత తిప్పాలో, ఎప్పుడు పేల్చాలో అతను చెబుతాడు. షూటర్ పని నిలకడగా పేల్చి, తన షాట్‌ను నిజాయితీగా కాల్ చేయడం. దేశం తరఫున ఆడే స్థాయివాళ్లే గాలిని మరొకరికి అప్పజెబుతున్నారని తెలిసినప్పుడు విద్యార్థికి తన ధీమాలో ఏ భాగం తనది, ఏ భాగం అరువుదో ఆలోచన మొదలవుతుంది. లక్ష్యాల కింది గోతుల్లో పని చేయించడమూ పాత పద్ధతే. అక్కడ బోర్డును దించి, తూటా రంధ్రానికి గుర్తు పెట్టి, మళ్లీ పైకెత్తుతూ ఒక పూట గడిపినవాడు చేయి తిరిగినవాళ్ల తూటాలు కూడా ఎంత చెదురుతాయో తన కళ్లతో చూస్తాడు.

మన దగ్గర

1,000 గజాల సంస్కృతి భారతదేశంలో సామాన్యుడికి అందేది కాదు. 1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనల కింద పెద్ద రైఫిల్ లైసెన్సు కష్టం, అంత పొడవు రేంజిలు పౌరులకు దొరకడమూ కష్టం. 20 జౌళ్ల శక్తి మించని .177 ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. అందుకే హైదరాబాదులో షూటింగ్ నేర్చుకునే పిల్లలు 10 మీటర్ల దగ్గర మొదలుపెడతారు. హైదరాబాదులో పెరిగి 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ 2011లో గన్ ఫర్ గ్లోరీ అకాడమీ స్థాపించాడు. అక్కడ తయారైన ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం తెచ్చాడు.

పది మీటర్లంటే తేలికన్న అపోహ ఎక్కువసేపు నిలవదు. ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, దానికి కొట్టే గుండు నాలుగున్నర మిల్లీమీటర్లు. హాల్లో గాలి లేదు, తూటా పతనం లెక్కలేదు, యాప్‌తో పనిలేదు. మిగిలేది ఒంటి నిలకడ, ట్రిగ్గర్, ఊపిరి మాత్రమే, అవి తప్పితే నెపం వేయడానికి మరొకటి దొరకదు. ఆ బడిలో పెరిగిన పిల్లలు ఎప్పుడైనా దూరపు రేంజికి వెళ్తే గాలి కొత్తగా నేర్చుకోవాలి గానీ, మూడు తూటాల ఫొటోతో వెళ్లరు. అమెరికాలో స్థిరపడి వారాంతాల్లో రేంజికి వెళ్లే తెలుగువాళ్ల పరిస్థితి వేరు. అక్కడ రైఫిల్ కొనడం సులువు గనుక, ఈ వ్యాసం మొదట్లోని విద్యార్థిలా మొదలుపెట్టే వీలు వాళ్లకూ ఉంటుంది.

తేలని తగవులు

కొన్ని విషయాల్లో శిక్షకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. తోలు పట్టీ చేతికి చుట్టుకుని, స్కోప్ లేకుండా ఇనుప గురితో మొదలుపెట్టాలన్నది బిస్లీ సంప్రదాయం. కెనడాకు చెందిన జార్జ్ ఫార్కార్సన్ పేరు మీద వచ్చిన ఎఫ్ క్లాస్ స్కోప్‌నూ, ఆనించుకునే ఆధారాన్నీ అనుమతిస్తుంది. దానిలో కొత్తవాడు తొందరగా గాలి నేర్చుకుంటాడు, భంగిమ తప్పులు మాత్రం ఆధారం వెనక దాక్కుంటాయి. ఏది ముందన్నది విద్యార్థి ధీమా దేని మీద ఉందో చూసి నిర్ణయించవలసిందే. తన చేతి మీద నమ్మకం ఎక్కువైతే పట్టీ, పరికరం మీద ఎక్కువైతే జెండాల మధ్య ఎఫ్ క్లాస్.

ఎలక్ట్రానిక్ లక్ష్యాలు మరో తగవు తెచ్చాయి. గోతుల్లో మనిషి బోర్డు దించి గుర్తు పెట్టే పాత పద్ధతిలో, పేలడానికీ ఫలితానికీ మధ్య కొన్ని సెకన్లు ఉండేవి. షూటర్ కాల్ చేసి రాసుకునే సమయం అది. ఇప్పుడు తూటా తగలగానే పక్కనున్న తెర మీద చుక్క వెలుగుతుంది. విద్యార్థి తన గురిని గుర్తు తెచ్చుకునేలోపే జవాబు కనిపిస్తుంది, కనిపించాక నేనూ అదే అనుకున్నానని అతనికి మనస్ఫూర్తిగా అనిపిస్తుంది. అందుకే ఆ తెరను ఆర్పేసో, గుడ్డ కప్పేసో సాధన చేయించే కోచ్‌లు ఉన్నారు. తెరను తమ వైపు తిప్పుకుని, విద్యార్థి గడియారం అంకె, వలయం చెప్పి పుస్తకంలో రాశాకే చూపించడం ఇంకో దారి. దీనివల్ల గంటకు పేల్చే తూటాల సంఖ్య బాగా తగ్గుతుంది, తొందరపడే విద్యార్థులకు అది నచ్చదు. తూటాల ఖరీదు పెరిగిపోయిన ఈ రోజుల్లో డబ్బు కట్టేవాళ్లు మాత్రం అభ్యంతరం చెప్పడం లేదు.